షార్ట్ ఫిల్మ్‌కీ ఇంటర్వ్యూకీ ఏ లైట్ తీస్కోవాలి? కిటికీ, ఎల్ఈడీ ప్యానెల్, సీఓబీ, టంగ్‌స్టన్ పక్కపక్కన పెట్టి చూస్తే

కొత్తగా షార్ట్ ఫిల్మ్ తీద్దామనుకునేవాళ్లు, ఇంటర్వ్యూల చానెల్ పెట్టినవాళ్లు, వంటల వీడియోలు చేసేవాళ్లు అందరూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే, ఏ లైట్ కొనాలి, 60 వాట్స్ చాలా లేక 200 తీస్కోవాలా అని. దానికి జవాబు చెప్పొచ్చు గానీ అంతకంటే ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి, వెలుతురు మొహం మీదకి ఎంత సైజు నుంచి రావాలి, ఎటువైపు నుంచి రావాలి. ఈ రెండూ తేల్చుకుంటే ఏ లైట్ కావాలో సగం తెలిసిపోయినట్టే, ఇవి తేలకుండా ఎంత ఖరీదైన లైట్ కొన్నా మనిషి వీడియో కాల్‌లో కనిపించినట్టే కనిపిస్తాడు. అందుకే ఈ పోలికని వాట్ల లెక్కన కాకుండా మన ఇళ్లు, మన ఎండ, మన గోడల రంగులు, మన కరెంటు బోర్డులు దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా.

ముందు సాఫ్ట్, హార్డ్ సంగతి

సాఫ్ట్ లైట్ అంటే తక్కువ వెలుతురు అనుకుంటారు చాలామంది, కాదు. నీడ అంచు మెల్లగా కరిగిపోతే సాఫ్ట్, గీత గీసినట్టు ఉంటే హార్డ్, అంతే. కూర్చున్న మనిషి దగ్గర్నుంచి చూస్తే లైట్ ఎంత పెద్దగా కనిపిస్తోంది అన్నదే దాన్ని నిర్ణయిస్తుంది. సూర్యుడు ఎంత పెద్దవాడైనా మనకి చిన్న బిళ్లంతే కనిపిస్తాడు కాబట్టి ఎండ హార్డ్, దానికి మబ్బు అడ్డమొచ్చిందంటే ఆకాశం మొత్తం లైట్ అయిపోతుంది కాబట్టి సాఫ్ట్. అలాగే రెండడుగుల సాఫ్ట్‌బాక్స్ (లైట్ ముందు తగిలించే తెల్ల గుడ్డ డబ్బా) మొహానికి మూడడుగుల్లో ఉంటే సాఫ్టే, దాన్నే ఫ్రేమ్‌లో పడుతోందని చెప్పి గది అవతలి మూలకి జరిపితే నీడలు గట్టిపడిపోతాయి, డబ్బులు పెట్టి కొన్న సాఫ్ట్‌బాక్స్ ఉండీ లేనట్టే.

దూరంతో ఇంకో పని కూడా జరుగుతుంది, ఇది అర్థమైతే సగం లైటింగ్ వచ్చేసినట్టే అని నా నమ్మకం. లైట్ నుంచి మొహం 3 అడుగులు, వెనక గోడ 9 అడుగులు ఉందనుకోండి, గోడ మీద పడేది మొహం మీద పడేదాంట్లో తొమ్మిదో వంతే, అంటే మూడు స్టాపులకి (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమవుతుంది) పైనే తేడా, తెల్ల గోడ కూడా బూడిద రంగులోకి దిగిపోయి మనిషి ముందుకొస్తాడు. ఇప్పుడు మనిషినీ గోడనీ కదపకుండా లైట్‌ని మాత్రమే వెనక్కి లాగి మొహానికి 9 అడుగులు, గోడకి 15 అడుగులు ఉండేలా పెట్టండి, తేడా ఒకటిన్నర స్టాపుకి పడిపోతుంది, మొహంతో పోలిస్తే గోడ మీద వెలుతురు పెరిగి మనిషి గోడకి అతుక్కుపోయినట్టు ఉంటాడు. లైట్ అదే, గది అదే, మార్చింది దూరం ఒక్కటే. బ్యాక్‌గ్రౌండ్ డార్క్ అవ్వట్లేదు ఇంకో లెన్స్ కొనాలా అని అడిగేవాళ్లకి ముందు ఇది చేసి చూడమని చెప్తా.

ఇంక మన ఒంటి రంగుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నెట్‌లో దొరికే లైటింగ్ పాఠాల్లో చాలావరకు తెల్లటి మొహాల మీదే చూపిస్తారు. చామనఛాయ, నలుపు మొహాలు బాగా రావాలంటే ఎంత వెలుతురు కొట్టామన్నది కాదు, ఆ వెలుతురు చర్మం మీద ఎలా మెరుస్తోందన్నది చూడాలి. చిన్న ప్యానెల్ ఎదురుగా పెడితే నుదుటి మీద, ముక్కు మీద చిన్న చిన్న తెల్ల చుక్కల్లా జిడ్డు మెరుపు వస్తుంది, బుగ్గలు మాత్రం డల్‌గానే ఉంటాయి, దాంతో ఎక్స్‌పోజర్ పెంచుతారు, మొహం బూడిద పూసినట్టు అవుతుంది. అదే పెద్ద సోర్స్‌ని పక్క నుంచి, కొంచెం వెనక్కి జరిపి పెడితే బుగ్గ ఎముక మీదుగా దవడ దాకా ఒకే పొడవాటి మెరుపు పరుచుకుంటుంది, మొహానికి ఆకారం వస్తుంది, రంగు రంగులానే ఉంటుంది. మొహాన్ని తెల్లగా చెయ్యడం కెమెరామెన్ పని కాదు, ఈ మాట క్లయింట్‌కి కూడా మొహమాటం లేకుండా చెప్పొచ్చు.

కిటికీ, థర్మాకోల్: ఖర్చు లేని సెటప్ ఎంతవరకు పనికొస్తుంది

బడ్జెట్ లేనివాళ్లకి కిటికీ గతిలేక వాడేది అన్నట్టు మాట్లాడతారు, నేను అలా అనుకోను. ఎండ నేరుగా పడని కిటికీ ఉంటే, దానికి పక్కగా మనిషిని కూర్చోబెట్టి, అవతలి వైపు మూడడుగుల్లో థర్మాకోల్ షీట్ నిలబెడితే వచ్చే వెలుతురు చాలా లైట్ల కంటే బాగుంటుంది. ఉత్తరం కిటికీ బెస్ట్ అంటారు, మన దగ్గర అది ఏడాదిలో ఎక్కువ భాగం నిజమే గానీ ఎండాకాలంలో పొద్దున్న, సాయంత్రం సూర్యుడు ఉత్తరం వైపుకే ఉంటాడు కాబట్టి ఆ టైంలో ఉత్తరం కిటికీలోంచి కూడా ఎండ చారలు పడతాయి, లొకేషన్ చూడ్డానికి వెళ్లినప్పుడు దిక్కుతో పాటు నెల కూడా చూస్కోండి. ఎండ నేరుగా పడుతుంటే కిటికీకి తెల్ల కాటన్ పంచె కట్టేయండి, అదే మీ సాఫ్ట్‌బాక్స్.

బౌన్స్ వెలుతురుతో పని చెయ్యడం మన దేశంలో కొత్తేం కాదు. 1956లో వచ్చిన సత్యజిత్ రాయ్ 'అపరాజితో'లో కాశీలోని ఇంటి సెట్‌ని కలకత్తా స్టూడియోలో వేసినప్పుడు, పైన ఆకాశం ఉన్న వాకిట్లో పడే నీడలేని వెలుతురు స్టూడియో లైట్లతో రాదని కెమెరామెన్ సుబ్రత మిత్ర సెట్ మీద తెల్ల గుడ్డ పరిపించి కింద నుంచి లైట్లు దానికి కొట్టి బౌన్స్ చేశాడు. ఇప్పుడు మనం థర్మాకోల్‌తో చేసేది చిన్న స్కేల్‌లో అదే పని. దీనికి పూర్తి వ్యతిరేకం అద్దం, 1959లో 'కాగజ్ కే ఫూల్' పాటలో కనిపించే ఆ వెలుతురు స్తంభం కోసం కెమెరామెన్ వీకే మూర్తి బయటి ఎండని అద్దాలతో స్టూడియో లోపలికి తెచ్చాడు. మెత్తగా కావాలా థర్మాకోల్, పదునుగా గీతలాగా కావాలా అద్దం, వెండి రిఫ్లెక్టర్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. క్లోజప్‌లో వెండి రిఫ్లెక్టర్ ఎండలో పట్టుకుంటే ఆర్టిస్టు కళ్లు చికిలించడం తప్ప యాక్టింగ్ చెయ్యలేడు, అక్కడ థర్మాకోలే వాడండి.

కిటికీతో వచ్చే చిక్కల్లా కంటిన్యుటీ. మూడు నిమిషాల ఇంటర్వ్యూ బిట్ అయితే ఓకే, నాలుగు పేజీల డైలాగ్ సీన్ పొద్దున పదింటికి మొదలుపెట్టి సాయంత్రం నాలుగింటికి క్లోజప్‌లు తీస్తే వైడ్‌కీ క్లోజప్‌కీ సంబంధమే ఉండదు, ఇంక జూలై ఆగస్టుల్లో అయితే షాట్ మధ్యలోనే మబ్బు వచ్చి పోతుంటుంది. కాబట్టి నా సలహా ఏంటంటే పొట్టి సీన్లు, మాటల్లేని షాట్లు, ఒకే యాంగిల్‌లో అయిపోయేవి కిటికీ మీద పెట్టుకోండి, ఎక్కువ కట్స్ ఉన్న సీన్‌కి లైట్ అద్దెకి తెచ్చుకోండి.

ప్యానెల్ వర్సెస్ సీఓబీ

అసలు డబ్బులు పెట్టే చోటు ఇదే. ప్యానెల్ అంటే చిన్న చిన్న ఎల్ఈడీలు పలక మీద వరసగా పేర్చినది, సీఓబీ అంటే ఒకే చోట ముద్దగా ఉన్న ఒక పెద్ద ఎల్ఈడీ, ముందు రిఫ్లెక్టరో సాఫ్ట్‌బాక్సో తగిలించుకునేది. ప్యానెల్ పల్చగా ఉంటుంది, బ్యాటరీ మీద నడుస్తుంది, గోడకి ఆనించొచ్చు, కారు డాష్‌బోర్డు మీద పెట్టొచ్చు, ఆన్ చేస్తే పనైపోతుంది. ఇవన్నీ ప్లస్సులే. కానీ ప్యానెల్‌ని నేరుగా కొడితే అది పెద్ద సోర్సూ కాదు, చిన్న సోర్సూ కాదు, డిఫ్యూజర్ లేకపోతే గోడ మీద వేళ్ల నీడలు చూడండి, ఒక్కో వేలికి పొరలు పొరలుగా బోలెడు నీడలుంటాయి. పైగా వెలుతురు అన్ని వైపులకీ కొడుతుంది, దాన్ని ఒకచోట ఆపాలంటే కష్టం.

సీఓబీ ఒక్కటే పాయింట్ కాబట్టి ఒకే శుభ్రమైన నీడ వేస్తుంది, రిఫ్లెక్టర్ పెడితే హార్డ్, సాఫ్ట్‌బాక్స్ పెడితే సాఫ్ట్, లాంతరు లాంటి గుండ్రటి గుడ్డ తొడుగు పెడితే గది మొత్తం పరుచుకుంటుంది, ఫ్రెనెల్ లెన్స్ అటాచ్‌మెంట్ పెడితే దూరం నుంచి ఒక చోటికే కొట్టొచ్చు. గొడాక్స్, నాన్‌లైట్, అపుచర్ వాళ్ల ఆమరాన్ ఇలా ఏది తీస్కున్నా బోవెన్స్ మౌంట్ (సాఫ్ట్‌బాక్స్ తగిలించే కామన్ బిగింపు) ఉన్నదే తీస్కోండి లేదా దానికి అడాప్టర్ ఉందో లేదో చూస్కోండి, అప్పుడు సాఫ్ట్‌బాక్సులు ఏ కంపెనీవైనా పడతాయి. ఒక్క లైటే కొనగలను అనేవాళ్లకి నేను ప్రతిసారీ సీఓబీనే చెప్తా, ప్యానెల్ రెండోదిగా తీస్కోండి. ఒక్క మినహాయింపు, మీరు తీసేవి పెళ్లిళ్లు, న్యూస్ బైట్లు, ఊళ్లు తిరిగి చేసే వ్లాగులు అయితే బ్యాటరీ మీద నడిచే ప్యానెలే మీకు అన్నం పెడుతుంది, సీఓబీ బ్యాగ్‌లోంచి తీసే టైం కూడా దొరకదు.

సీఓబీతో రెండు ఇబ్బందులున్నాయి, ముందే తెల్సుకోవాలి. ఒకటి లైట్‌ని చల్లబరిచే ఫ్యాన్ చప్పుడు, చిన్న గదిలో కాలర్ మైక్ కాకుండా కెమెరా మీద మైక్ పెట్టి తీస్తే అది సన్నగా గుయ్యిమని రికార్డ్ అవుతుంది, కొనేముందు షాపులో ఫుల్ బ్రైట్‌నెస్‌లో పది నిమిషాలు ఉంచి వినండి, ఆన్ చెయ్యగానే ఏ ఫ్యాన్ అయినా నిశ్శబ్దంగానే ఉంటుంది. రెండోది చోటు. మూడడుగుల సాఫ్ట్‌బాక్స్, దాని లోతు, లైట్, స్టాండ్ కాళ్లు అన్నీ కలిపితే పది బై పది బెడ్‌రూంలో సగం అదే ఆక్రమిస్తుంది, కెమెరా పెట్టడానికి జాగా ఉండదు. అప్పుడు సాఫ్ట్‌బాక్స్ తీసేసి లైట్‌ని గోడకో థర్మాకోల్‌కో తిప్పి కొట్టండి, మూలన నిలబెట్టిన థర్మాకోల్ షీట్ ఆరడుగుల సాఫ్ట్‌బాక్స్ అయిపోతుంది, మందం ఒక అంగుళం.

గోడకి కొట్టేముందు గోడ రంగు చూడండి మరి. మన ఇళ్లలో ఒక గది లేత ఆకుపచ్చ, ఒకటి గులాబీ, హాల్లో ఒక గోడ మెరూన్ ఉండటం మామూలే, ఆకుపచ్చ గోడ నుంచి బౌన్స్ కొట్టారంటే ఆ పచ్చదనం మొత్తం మొహం మీదకి వస్తుంది, దవడ కింద నీడల్లో అయితే మరీ స్పష్టంగా ఉంటుంది. కలర్ గ్రేడింగ్‌లో తీసేద్దాంలే అనుకుంటారు, మొహం సరిచేస్తే చీర రంగు పోతుంది, చీర సరిచేస్తే మొహం పోతుంది. గోడకి తెల్ల దుప్పటి వేస్కుని కొట్టండి. సీలింగ్ చాలా ఇళ్లలో తెల్లగానే ఉంటుంది కదా అని పైకి కొడితే గది అంతా వెలుగుతుంది నిజమే గానీ కళ్లు లోపలికి గుంటలు పడతాయి, సీలింగ్ బౌన్స్‌ని గదికి బేస్ లైట్‌గా మాత్రమే తక్కువలో ఉంచుకుని, మొహానికి వేరే సోర్స్ పెట్టుకోవాలి.

డేలైట్, బైకలర్, ఆర్‌జీబీ ఏది అంటే, అదే ధరలో డేలైట్ ఒక్కటే ఇచ్చేది ఎక్కువ వెలుతురిస్తుంది, బైకలర్‌లో రంగు మార్చుకునే సౌకర్యం ఉంటుంది. మన ఇళ్లలో, ఆఫీసుల్లో ఎక్కువగా ఉండేవి 6500 కెల్విన్ (వెలుతురు ఎంత తెలుపో ఎంత పసుపో చెప్పే కొలత) తెల్ల బల్బులు, వాటితో పాటు హాల్లో అలంకారానికి పెట్టే పసుపు బల్బులు 2700 నుంచి 3000 మధ్యలో ఉంటాయి, లొకేషన్‌లో ఏది దొరుకుతుందో తెలియని షార్ట్ ఫిల్మ్ వాళ్లకి బైకలర్ మంచిది, ఒకే చోట ఇంటర్వ్యూలు చేసేవాళ్లకి డేలైట్ చాలు. ఆర్‌జీబీ (ఏ రంగైనా ఇచ్చేది) మొదటి లైట్‌గా అస్సలు వద్దు. డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే నంబర్) 95 అని రాసుంటే సంతోషపడిపోకండి, ఆ లెక్కలో ముదురు ఎరుపు లేనే లేదు, దానికి ఆర్9 అని వేరే నంబర్ ఉంటుంది, చర్మం కింద రక్తపు రంగు, కుంకుమ బొట్టు, ఎర్ర చీర బాగా రావాలంటే అది 90కి అటూఇటూ ఉండాలి. నంబర్ దొరక్కపోతే లైట్ ముందు మీ అరచెయ్యి పెట్టి చూడండి, పాలిపోయినట్టు, పచ్చగా కనిపిస్తే ఆ లైట్ వదిలేయండి.

టంగ్‌స్టన్ ఇంకా ఎవరికి

పాత లైట్లు కదా ఎవరు వాడతారు అనుకోవద్దు, హైదరాబాద్ కృష్ణానగర్ చుట్టుపక్కల అద్దె షాపుల్లో ఇప్పటికీ దొరుకుతాయి, అద్దె కూడా ఎల్ఈడీలతో పోలిస్తే తక్కువే. రంగు విషయంలో టంగ్‌స్టన్‌కి వంక పెట్టడానికేం లేదు, 3200 కెల్విన్‌లో చర్మం మీద పడే ఆ వెచ్చదనం చాలా చౌక ఎల్ఈడీలకి ఇప్పటికీ రాదు. డిమ్ చేస్తే రంగు కూడా మెల్లగా నారింజలోకి దిగుతుంది, అదే ఎల్ఈడీని డిమ్ చేస్తే వెలుతురు తగ్గుతుంది తప్ప రంగు మారదు, కాబట్టి కరెంటు లేని పల్లెటూరి ఇంట్లో లాంతరు వెలుగు, పొయ్యి మంట మొహం మీద ఆడటం, సాయంత్రం ఆరిపోతున్న ఎండ ఇలాంటివి తీసేటప్పుడు డిమ్మర్ మీద టంగ్‌స్టన్ పెడితే శ్రమ లేకుండా వస్తాయి.

కానీ వేడి, కరెంటు. తాగే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది, సౌండ్ కోసం ఫ్యాన్లు ఏసీలు ఆపేసిన గదిలో రెండు 1కేలు (వెయ్యి వాట్ల లైట్లు) వెలిగిస్తే మే నెలలో ఆర్టిస్టు మేకప్ అరగంట కూడా నిలవదు. మన 230 వోల్టుల లైన్ మీద 1000 వాట్ల లైట్ నాలుగు ఆంపియర్లకి పైన లాగుతుంది, మామూలు 6 ఆంపియర్ల సాకెట్‌కి ఒకటి పెడితే ఓకే, అదే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి రెండోది కూడా తగిలిస్తే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, వైరు వేడెక్కుతుంది, ఫ్యూజ్ పోతుంది, పాత ఇల్లయితే అంతకంటే పెద్ద ప్రమాదమే. 2కే అయితే గీజర్ పాయింటో ఏసీ పాయింటో వెతుక్కోవాలి. ఇంకోటి, పగటి కిటికీ వెలుతురుతో కలపాలంటే దానికి నీలం జెల్ (రంగు ప్లాస్టిక్ కాగితం) వెయ్యాలి, పూర్తి మోతాదుది (ఫుల్ సీటీబీ) వేస్తే సుమారు మూడో వంతు వెలుతురే బయటకొస్తుంది, అంత వేడి భరించి అంత కరెంటు తగలేసి మిగిలేది అది. కాబట్టి పగలు సీన్లకి టంగ్‌స్టన్ వద్దు, రాత్రి సీన్లకి, వెచ్చటి సీన్లకి అద్దెకి తెచ్చుకోండి, కొనొద్దు.

హెచ్ఎంఐ, అంటే పెద్ద షూటింగుల్లో వాడే డేలైట్ రంగు లైట్ల గురించి ఎక్కువ చెప్పను, కిటికీ బయట నుంచి ఎండ లాగా కొట్టాలి, పెద్ద హాలు వెలగాలి అంటే 2.5కే, 4కేలు మంచివే గానీ బ్యాలస్ట్ (దాన్ని వెలిగించి నడిపే పెట్టె), జనరేటర్, లైట్‌మెన్ అన్నీ కలిపి ఒక యూనిట్ బడ్జెట్ కావాలి. చిన్న షార్ట్ ఫిల్మ్‌కి అదే పని 600 వాట్ల క్లాస్ సీఓబీ ఎల్ఈడీ ఒక్కటి అద్దెకి తెచ్చి, కిటికీ బయట ఫ్రెనెల్‌తో పెడితే చాలావరకు అయిపోతుంది, ఇంటి సాకెట్ మీదే నడుస్తుంది.

ఇంట్లో బల్బులు, ఫ్యాన్ నీడ, ఫ్లికర్

ఫ్రేమ్‌లో కనిపించే బల్బులు, ట్యూబ్‌లైట్లు, టేబుల్ ల్యాంపులని ప్రాక్టికల్స్ అంటారు. వీటిని సరిగ్గా వాడితే వేరే లైట్ ఒక్కటి చాలు. చాలా ఇళ్లలో ఉండే తెల్ల బల్బు తీసేసి తక్కువ వాట్స్ పసుపు బల్బు పెట్టడం అన్నిటికంటే చవకైన ప్రొడక్షన్ డిజైన్, గది మూడ్ మొత్తం మారిపోతుంది. దీపం వెలుగు సీన్ ఉంటే దీపం ఒక్కదాని మీదే ఆధారపడకండి, దాని వెనక కెమెరాకి కనిపించకుండా చిన్న బైకలర్ లైట్‌ని బాగా వెచ్చగా పెట్టి మొహానికి అందేలా చెయ్యండి, దీపం ఫ్రేమ్‌లో ఉంది కాబట్టి వెలుతురంతా దాన్నుంచే వస్తోందని కన్ను నమ్మేస్తుంది.

మన ఇళ్లలోనే ఎక్కువగా వచ్చే సమస్య ఒకటుంది, సీలింగ్ ఫ్యాన్ పైన లైట్ ఉంటే రెక్కలు తిరిగినప్పుడల్లా గోడ మీద, మొహం మీద వెలుతురు టపటపా కొట్టుకుంటుంది. కంటికి అలవాటైపోయి పట్టించుకోం, కెమెరాలో మాత్రం షాట్ పనికిరాదు. ఆ లైట్ ఆపేసి ఫ్యాన్ కింద ఎత్తులోనే మీ లైట్లు పెట్టుకోండి, సీలింగ్ బౌన్స్ కొట్టేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త.

ఫ్లికర్ ఇంకో తలనొప్పి. మన కరెంటు 50 హెర్ట్జ్, బల్బులు ట్యూబ్‌లైట్లు సెకనుకి 100 సార్లు మినుకుతాయి, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే దాంతో కలుస్తుంది. ఫోన్‌లో 30 ఫ్రేమ్స్, షట్టర్ 1/60 అని నెట్‌లో చూసి పెట్టుకుంటారు, అది 60 హెర్ట్జ్ కరెంటున్న అమెరికాకి సరిపోయే లెక్క, అక్కడ తీసేవాళ్లు అలాగే పెట్టుకోండి, ఇక్కడ తీసేవాళ్లు 1/50 పెట్టండి. సినిమా కెమెరాలో 24 ఫ్రేమ్స్‌కి షట్టర్ యాంగిల్ 172.8 డిగ్రీలు పెడితే కరెక్ట్‌గా 1/50 వస్తుంది. స్లో మోషన్ తియ్యాలంటే ఇంటి బల్బులు ఆపేసి ఫ్లికర్ లేని మంచి లైట్లే వాడాలి, దానికి అడ్డదారి లేదు.

రెండో లైటా, నల్ల దుప్పటా

కీ (మొహానికి ముఖ్యమైన లైట్), ఫిల్ (నీడల్ని తేలిక చేసేది), బ్యాక్ (వెనక నుంచి కొట్టేది) అని త్రీ పాయింట్ లైటింగ్ ప్రతి చోటా నేర్పిస్తారు, అది విని వెంటనే మూడు లైట్లు కొంటారు. అపార్ట్‌మెంట్ గదుల్లో తెల్ల గోడలు నాలుగు వైపుల నుంచీ ఫిల్ ఇస్తూనే ఉంటాయి, ఇంక ఫిల్ లైట్ దేనికి, అక్కడ కావాల్సింది వెలుతురు తీసేసేది. కీ లైట్‌కి అవతలి బుగ్గ వైపు, ఫ్రేమ్ అంచుదాకా నల్ల దుప్పటి వేలాడదీస్తే ఆ వైపు నీడ ఒక్కసారిగా దిగుతుంది, పలచగా ఉన్న మొహానికి బరువు వస్తుంది. కీ, ఫిల్ మధ్య ఒక స్టాపు తేడా ఉంటే కామెడీకి, కుటుంబ సీన్లకి, ఉదయం కాఫీ సీన్లకి హాయిగా ఉంటుంది, రెండు స్టాపులు డ్రామాకి, మూడు స్టాపులు దాటితే థ్రిల్లర్. థర్మాకోల్ ఒక వైపు తెలుపు, వెనక నల్ల గుడ్డ అతికించి పెట్టుకుంటే తిప్పితే ఫిల్, మళ్లీ తిప్పితే నెగెటివ్ ఫిల్. రెండో లైట్ కొనేముందు ఇది చెయ్యండి, చాలామందికి ఆ రెండో లైట్ అవసరమే రాదు.

రాత్రి సీన్ అంటే నీలం రంగు కొట్టేయడం కూడా ఇలాంటి అలవాటే. 1957 మాయాబజార్‌లో 'లాహిరి లాహిరి లాహిరిలో' వెన్నెల గుర్తు చేస్కోండి, అది బ్లాక్ అండ్ వైట్, కెమెరామెన్ మార్కస్ బార్ట్లీ దగ్గర నీలం అనేదే లేదు, అయినా అది వెన్నెలే అని పుట్టిన ప్రతి తెలుగువాడికీ తెల్సు. కాబట్టి వెన్నెలని తెచ్చేది రంగు కాదు, వెలుతురు వచ్చే దిక్కు, నీళ్ల మీద మెరుపు, మిగతాదంతా చీకట్లో వదిలెయ్యగలిగే ధైర్యం. లైట్‌ని వెనక నుంచి ఎత్తులో పెట్టి భుజాల అంచులు మాత్రమే వెలిగించండి, నీలం కావాలంటే లేతగా వెయ్యండి.

మీ పని ఏది అన్నదాన్ని బట్టి

ఇంటర్వ్యూ, పాడ్‌కాస్ట్ అయితే ఒక సీఓబీ, మూడడుగుల సాఫ్ట్‌బాక్స్, గ్రిడ్ (వెలుతురు పక్కలకి చిందకుండా ఆపే గళ్ల తొడుగు), నల్ల దుప్పటి, అంతే. కళ్లజోడు పెట్టుకున్న గెస్ట్ వస్తే అద్దాల్లో సాఫ్ట్‌బాక్స్ తెల్ల పలకలాగా కనిపిస్తుంది, లైట్‌ని ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పక్కకి జరపండి, కళ్లజోడు కాడల్ని చెవుల మీద కాస్త పైకి లేపి పెట్టుకోమనండి, అద్దాలు కిందకి వంగి మెరుపు పోతుంది.

వంటల చానెల్‌కి లెక్క మొత్తం తిరగబడుతుంది. అక్కడ కీ లైట్ వెనక నుంచి రావాలి, గిన్నెకి అవతల, కొంచెం పక్కగా. ఎందుకంటే ఆవిరి ఎదురు లైట్‌లో అస్సలు కనిపించదు, వెనక నుంచి వెలుతురు పడి దాని వెనక ముదురు రంగు బ్యాక్‌గ్రౌండ్ ఉంటేనే పులుసు మరుగుతుంటే పైకి లేచే పొగ తెల్లగా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది, నూనె తేలిన కూర మీద మెరుపు కూడా అప్పుడే వస్తుంది, తాలింపు గింజలు చిటపటలాడటం తెలుస్తుంది. ముందు వైపు ఒక థర్మాకోల్ ముక్క పెడితే గిన్నె లోపలి నీడలు తేలికవుతాయి. స్టీలు గిన్నెలు వాడితే వాటి పక్కల్లో లైటు, కెమెరా, మీరు అందరూ కనిపిస్తారు, ఇత్తడివో మట్టివో ఇనప మూకుడో వాడండి, స్టీలే తప్పదంటే సాఫ్ట్‌బాక్స్ ఎంత పెద్దదైతే అంత మంచిది, మెరుపు చుక్కలాగా కాకుండా పొడవాటి చారలాగా అందంగా పడుతుంది. ఈ పనికి పెద్ద వాట్లు అక్కర్లేదు, 60 వాట్ల సీఓబీ దగ్గరగా పెడితే చాలు.

పట్టుచీరలు, నగలు అమ్మేవాళ్లు ఒట్టి సాఫ్ట్ లైట్‌తో తీస్తే జరీ చచ్చిపోతుంది, రాళ్లు గాజు ముక్కల్లా ఉంటాయి. సాఫ్ట్ కీ తక్కువలో ఉంచి, పై నుంచి చిన్న హార్డ్ లైట్ ఒకటి, చిన్న టార్చి సైజుదైనా సరే, వెయ్యండి, మడత కదిలినప్పుడల్లా జరీ మిలమిలలాడుతుంది.

ఔట్‌డోర్ షార్ట్ ఫిల్మ్ వాళ్లకి ఏ లైట్ కంటే ముందు టైం ముఖ్యం. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలో, మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీద ఉంటాడు, నిటారుగా పెట్టిన కర్రకి నీడే పడదు, ఆ రోజుల చుట్టుపక్కల పదకొండు నుంచి రెండు దాకా తీస్తే ప్రతి మొహంలో కళ్ల కింద నల్ల గుంటలు, ముక్కు కింద మీసం లాంటి నీడ. ఆ టైంలో తియ్యక తప్పకపోతే రిఫ్లెక్టర్ కంటే స్కిమ్మర్ మేలు, నలుగురు పట్టుకునే ఫ్రేమ్‌కి తెల్ల గుడ్డ కట్టి ఆర్టిస్టు నెత్తి మీద పట్టుకుంటే ఎండ మెత్తబడుతుంది, కింద నుంచి థర్మాకోల్. అయితే వైడ్ షాట్‌లో స్కిమ్మర్ పట్టదు కాబట్టి వైడ్‌లు పొద్దున్నే తీసేసి మధ్యాహ్నం క్లోజప్‌లు పెట్టుకోండి. గాలి వస్తే ఆ ఫ్రేమ్ తెరచాప అయిపోతుంది, తాళ్లు కట్టి మనుషుల్ని పెట్టకుండా వదలొద్దు.

కొనాల్సిన వరస నా లెక్కలో ఇది, ముందు థర్మాకోల్, తెల్ల గుడ్డ, నల్ల దుప్పటి, క్లిప్పులు. తర్వాత ఒక గట్టి స్టాండ్, దాని కాళ్ల మీద వెయ్యడానికి ఇసక బస్తా, లైట్ కంటే ముందు స్టాండ్ అని కావాలనే అంటున్నా, సన్న స్టాండ్ మీద సాఫ్ట్‌బాక్స్ ముందుకి తూగి పడితే కింద మనిషి ఉంటాడు. ఆ తర్వాత సీఓబీ, సాఫ్ట్‌బాక్స్, గ్రిడ్. చివర్లో ప్యానెలో ఎల్ఈడీ ట్యూబో. మిగతాదంతా అద్దెకే. అద్దెకి తెచ్చుకునేటప్పుడు షాపులోనే ప్రతి లైట్ వెలిగించి, ఫోన్ కెమెరాతో స్లో మోషన్‌లో తీసి ఫ్లికర్ చూస్కోండి, రెండు ఒకే మోడల్ లైట్లు తీస్కుంటే రెండిటినీ తెల్ల గోడకి పక్కపక్కన కొట్టి రంగు కలుస్తోందో లేదో చూడండి, స్టాండ్ స్క్రూలు తిరుగుతున్నాయో లేదో, కేబుల్ ప్లగ్ మీ లొకేషన్ సాకెట్‌కి పడుతుందో లేదో చూస్కోండి. టంగ్‌స్టన్ అయితే స్పేర్ బల్బు అడగండి, ఆ బల్బు గాజుని వట్టి చేత్తో ముట్టుకోవద్దు, వేళ్ల జిడ్డు అంటిన చోట వేడెక్కి పగుల్తుంది, ప్యాకప్ అప్పుడు పూర్తిగా చల్లారాకే కదిలించండి.